మెట్ల మీద జారిందన్న అబద్ధం

ఈసారి ఉత్తరం టెక్సస్ నుంచి. డాలస్‌కి ఉత్తరాన, మనవాళ్ళు బాగా ఉండే ఒక ఊళ్ళో ఉంటున్న అమ్మ రాశారు. పేరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడా, భర్తా తెనాలి వైపు వాళ్ళు. పాతికేళ్ళ క్రితం వెళ్ళారు, ఇద్దరూ ఐటీలోనే. పెద్దమ్మాయికి ఇరవై ఏళ్ళు, అక్కడే పుట్టింది. బయాలజీ డిగ్రీ మూడో ఏడు. ఆ తర్వాత మెడిసిన్ అని ఇంట్లో ఎప్పుడో అనేసుకున్నారు. తొమ్మిదో ఏట సరదాకి గుర్రపు స్వారీ క్లాసులో చేర్పించారు. పన్నెండేళ్ళప్పుడు డాలస్ పక్కనున్న మెస్కీట్‌లో రోడియోకి, అంటే కౌబాయ్‌లు ఎద్దుల మీదా గుర్రాల మీదా పోటీపడే ఆటకి తీసుకెళ్తే, దౌడు తీస్తున్న గుర్రం మీద ఒకమ్మాయి నిటారుగా నిలబడి, రెండు చేతులూ చాపి వాళ్ళ ముందు నుంచి వెళ్ళిందట. "ఆ రోజు నుంచి మా పిల్ల మా పిల్ల కాదు" అని రాశారు. పదిహేనో ఏట ట్రిక్ రైడింగ్ క్యాంపు, అంటే పరిగెత్తే గుర్రం మీద విన్యాసాలు నేర్పే చోటు. తాడు తిప్పడం కూడా అక్కడే పట్టుబడింది. "కాలేజీ అప్లికేషన్‌లో వెరైటీగా ఉంటుందని మేమే ఫీజు కట్టాం. ఆయనే వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవారు" అంటున్నారు.

పోయిన వేసవిలో ఆ అమ్మాయి, నలభై దాటిన ఒక సీనియర్ ట్రిక్ రైడర్ వెంట రోడియోలు తిరిగింది. గుర్రాలకి మేత వేసింది, జీనులు తుడిచింది, షో చివర్లో తనూ కాసేపు ఆడింది. ఇప్పుడు ఆ సీనియర్ రైడర్ ఆవిడ జనవరి నుంచి పూర్తి సీజన్‌కి రమ్మంటోంది. అమ్మాయి చదువు ఆపి వెళ్తానంటోంది. "వెళ్తే ఇన్సూరెన్స్‌లోంచి పేరు తీసేస్తా, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు" అన్నారట తండ్రి. తండ్రీ కూతుళ్ళకి మాటల్లేవు.

ఇక ఆయనకి తెలియనివి. గుర్రాన్ని పోయినేడే అమ్మేశారని ఆయన నమ్మకం. అమ్మలేదు. దాన్ని ఉంచిన చోట నెలనెలా కట్టేది, కొత్త ట్రిక్ జీను కొన్నదీ ఈవిడే, తన జీతంలోంచి. సెప్టెంబరులో అమ్మాయి ప్రాక్టీసులో పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకుంది. హాస్టల్ మెట్ల మీద జారిందని ఇంట్లో చెప్పారు. "ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం ఆయన చేతిలో పడకుండా పది రోజులు మెయిల్ బాక్స్ దగ్గర కాపు కాశాను. దాన్ని ఆపాలా? డబ్బు ఆపేస్తే ఆగుతుందా? ఆయనకి చెప్పాలా? మా అమ్మేమో తెనాలిలో కూర్చుని వాట్సాప్‌లో వీడియో చూసి, రుద్రమదేవిలా ఉందే అని మురిసిపోతోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు."

అమ్మా, మీ ప్రశ్నల్లో మొదటిదాన్ని ముందే తీసి పక్కన పెడదాం. ఇరవై ఏళ్ళ పిల్లని ఆపడం మీ చేతుల్లో లేదు, ఆయన చేతుల్లోనూ లేదు. ఆ అమ్మాయికి పని దొరికింది, నేర్పే మనిషి దొరికింది, వెళ్ళడానికి బండి సిద్ధంగా ఉంది. మీ ఇద్దరి చేతుల్లో ఉన్నవి డబ్బు, ఇన్సూరెన్స్, ఇంటి తలుపు. వీటితో ఆ పిల్ల ప్రయాణం ఆగదు గానీ, ఎంత భద్రంగా వెళ్తుందో, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తుందో వీటి మీదే ఉంటుంది. మీరు రోడియో గురించి పేజీలకి పేజీలు రాశారు, కాలర్ బోన్ గురించి మూడు వాక్యాలు. నాకు భయం వేసింది ఆ మూడు వాక్యాలు చదివే. దానికి తర్వాత వస్తాను.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. మీ ఆయన దాన్ని సర్కస్ అంటున్నారు, అమ్మాయి తన కల అంటోంది. చేతిలో కాగితం పెట్టుకుని చూస్తే అది ఒక కాంట్రాక్టు వృత్తి. ఎద్దు మీద కూర్చునేవాళ్ళూ, దూడకి తాడేసేవాళ్ళూ పోటీదారులు. ఎంట్రీ ఫీజు సొంతంగా కట్టుకుని దిగుతారు, గెలిస్తేనే డబ్బు. ట్రిక్ రైడర్లు అలా కాదు. 1920లలో ట్రిక్ రైడింగ్‌కి కూడా మార్కులు వేసి ప్రైజులిచ్చేవారు. ఇప్పుడది పోటీల మధ్యలో వచ్చే ప్రత్యేక అంశం. రోడియో కమిటీ ముందే రేటు మాట్లాడుకుని పిలుస్తుంది. గెలిచినా ఓడినా అన్న గొడవ లేదు. పిలుపులు రావడమే కష్టం.

పెద్ద రోడియోలు చాలావరకు పీఆర్‌సీఏ అనే ప్రొఫెషనల్ సంఘం గుర్తింపుతో జరుగుతాయి. వాటిలో ఆడాలంటే ఆ సంఘం కార్డు ఉండాలి. ఏటా డిసెంబరులో లాస్ వెగాస్‌లో పది రాత్రులు నేషనల్ ఫైనల్స్ జరుగుతాయి. 1985 నుంచి, కోవిడ్ ఏడాది 2020లో తప్ప, అక్కడే. అదే రోజుల్లో సంఘం సమావేశాలు కూడా పెడతారు. ఊరూరి కమిటీల వాళ్ళు, అనౌన్సర్లు, క్లౌన్లు, ట్రిక్ రైడర్లు అక్కడ కలుస్తారు. పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు మనవాళ్ళు బ్యాండు మేళం మాట్లాడుకున్నట్టు, వచ్చే ఏడాదికి ఎవరు ఏ ఊళ్ళో అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. మీ అమ్మాయి పనిచేయబోయే ఆవిడకి ఈసారి ఎన్ని ఊళ్ళు ఖాయమయ్యాయో ఆ నెలాఖరుకి తెలిసిపోతుంది. ఆ లిస్టు అడిగి చూడటం మీ హక్కు కాకపోయినా, అడగడంలో తప్పు లేదు.

ఏడాది ఎలా గడుస్తుందంటే: జనవరిలో డెన్వర్, ఫోర్ట్ వర్త్. ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో. మార్చిలో హ్యూస్టన్. చలికాలం కాబట్టి ఇవన్నీ కప్పు కింద. వేసవిలో ఆరుబయట. జులై 4 చుట్టుపక్కల వారంలోనే మూడు నాలుగు ఊళ్ళు పరిగెత్తుతారు. డబ్బు రాలే రోజులు కాబట్టి దాన్ని కౌబాయ్ క్రిస్మస్ అంటారు. జులై చివర షైయెన్, సెప్టెంబరులో ఒరెగాన్‌లోని పెండిల్‌టన్. ఇవి పెద్ద పేర్లు. కొత్తగా వచ్చిన పిల్లకి దక్కేవి ఎక్కువగా కౌంటీ సంతల్లో జరిగే చిన్న రోడియోలే.

ఖర్చుల సంగతి మీ అమ్మాయి మీకు చెప్పి ఉండదు. చెప్పినా డీజిల్ వరకే చెప్పి ఉంటుంది. పికప్ ట్రక్కు, దాని వెనక ట్రైలర్. ఆ ట్రైలర్‌లో ముందు భాగం మనుషులు పడుకోవడానికి, వెనక గుర్రాలకి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు కొట్టించాలి. రాష్ట్రం దాటాలంటే కాగిన్స్ అనే రక్తపరీక్ష కాగితం, పశువుల డాక్టరిచ్చిన హెల్త్ సర్టిఫికెట్ దగ్గరుండాలి. ఆ సర్టిఫికెట్ మామూలుగా నెల రోజులకే చెల్లుతుంది కాబట్టి సీజనంతా మళ్ళీ మళ్ళీ తీసుకోవాలి. ఒక గుర్రం కుంటిందంటే ఆ వారం ఆదాయం సున్నా, మేత ఖర్చు మాత్రం మామూలే. అందుకే ఈ పనిలో నిలబడ్డవాళ్ళు ఒక్క గుర్రాన్ని నమ్ముకోరు. ఇంకోటి, వీళ్ళకి జీతం స్లిప్ రాదు. ఏడాది చివర, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకిచ్చే 1099 అనే ఆదాయపు కాగితం వస్తుంది, పన్ను లెక్క తనే చూసుకోవాలి. పనిలో దెబ్బ తగిలితే ఉద్యోగులకి వచ్చే పరిహారం సొంత కాంట్రాక్టు మీద తిరిగేవాళ్ళకి రాదు.

జనానికి కనిపించేది కొద్ది నిమిషాలు. మిగతా రోజంతా పేడ ఎత్తడం, నీళ్ళ బకెట్లు మోయడం, తోలు పట్టీలకి నూనె రాయడం, రాత్రంతా డ్రైవింగ్. ఒక వేసవంతా ఇది చేసి కూడా మీ పిల్ల మళ్ళీ వెళ్తానంటోంది. మెరుపుల చొక్కా మోజే అయితే జులై ఎండలో ఎప్పుడో వదిలిపోయేది. ఈ ఒక్క విషయంలో మాత్రం మీ ఆయన కంటే నేను మీ అమ్మాయి మాటే నమ్ముతాను.

ఇక ప్రమాదం. నేను దీన్ని తగ్గించి చెప్పను.

ట్రిక్ జీను మీరే కొన్నారు కాబట్టి చూసే ఉంటారు. ముందు కొమ్ము మామూలు జీను కంటే పొడుగు. వెనక చేతితో పట్టుకోవడానికి పిడులు. నిలబడినప్పుడు పాదాలు దూర్చుకోవడానికి అడ్డంగా ఒక పట్టీ, పక్కకి వేలాడటానికి ఇంకో పట్టీ. ఆట మొదలవగానే పగ్గాలు వదిలేస్తారు. అంటే గుర్రం తనంతట తనే గోడ వెంబడి, ఒకే వేగంతో, పక్కకి తిరగకుండా పరిగెత్తాలి. మనిషి ఎంత నేర్చుకున్నా, బెదరని గుర్రం దొరక్కపోతే ఈ విద్య లేదు. ఒక పాదం పట్టీలో ఇరికించి, తలకిందులుగా, జుట్టు నేలకి రాసుకుంటూ వెళ్ళే ఫీటు ఒకటుంది. దాన్ని సూసైడ్ డ్రాగ్ అనే పిలుస్తారు, వాళ్ళే పెట్టుకున్న పేరు. అందులో భయపడాల్సింది పడిపోతామని కాదు. పడిపోతే ఇసకలో పడి దొర్లుతారు. పాదం పట్టీలోంచి ఊడి రాక, గుర్రం ఆగక, డెక్కల పక్కనే ఈడ్చుకుపోవడం అసలు ప్రమాదం. ఆ పట్టీలో కుట్టు ఒకటి ఊడినా, తోలు ఒకచోట బీటలిచ్చినా సంగతి అంతే. ఇలాంటి ఫీట్లు ఈ మొదటి ఏడాదిలోనే చేయిస్తారా, లేక నిలబడటం, దూకి ఎక్కడం లాంటి వాటితో సరిపెడతారా అన్నది మీరు తెలుసుకోవాల్సిన విషయం.

టాడ్ లూకస్ కథ మీ అమ్మాయి మీకు చెప్పే ఉంటుంది. 1902లో నెబ్రాస్కాలో పుట్టి, ఫోర్ట్ వర్త్‌లో స్థిరపడ్డావిడ. 1924లో లండన్ వెంబ్లీ రోడియోలో ఆడింది, తన కాలంలో ట్రిక్ రైడింగ్‌లో ఆవిడకి సాటి లేరు. 1933లో షికాగోలో, పరిగెత్తే గుర్రం పొట్ట కింద నుంచి అవతలి వైపుకి పాకే ఫీటులో జారింది. గుర్రం డెక్కల కింద చెయ్యి నుజ్జయింది. మూడేళ్ళు ఆ చేతికి కట్టు ఉంది. ఆ కట్టుతోనే మళ్ళీ జీనెక్కింది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆడింది. పిల్లలు ఈ కథలో తిరిగి ఎక్కడం మాత్రమే వింటారు. తల్లులు నుజ్జయిన చెయ్యి మాత్రమే వింటారు. నన్నడిగితే మధ్యలోని మూడేళ్ళ గురించి మాట్లాడుకోండి. ఆ మూడేళ్ళూ ఇల్లు ఎలా గడుస్తుంది, ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు, గుర్రానికి మేత ఎవరు వేస్తారు? టాడ్ లూకస్‌కి రోడియోలోనే ఉన్న భర్త తోడున్నాడు. మీ అమ్మాయికి ఎవరున్నారు?

ఫోర్ట్ వర్త్‌లో నేషనల్ కౌగర్ల్ మ్యూజియం ఉంది. మీ ఇంటి నుంచి గంట ప్రయాణం. మీరు వెళ్ళారో లేదో రాయలేదు. ఆయన్ని తీసుకుని ఒక శనివారం వెళ్ళండి. ఒప్పించడానికని కాదు. కూతురు దేని వెంట పడుతోందో ఆయన ఒకసారి కళ్ళతో చూడాలి. "మనకెందుకు ఆ కౌబాయ్ గోల" అంటున్నారని రాశారు. ఈ విద్యలు పుట్టుకతో ఆ కౌబాయ్‌లవీ కావు. తాడు విద్య మెక్సికో చారోల నుంచి, అంటే అక్కడి గుర్రపు రౌతుల నుంచి వచ్చింది. 1900లో ట్రిక్ రోపింగ్ పోటీలో ప్రపంచ విజేతగా నిలిచిన విసెంటె ఒరోపెసా మెక్సికో మనిషే. గుర్రం మీద విన్యాసాలకి అక్కడ ఊపు తెచ్చినవాళ్ళలో ముఖ్యులు, 1892 నుంచి బఫెలో బిల్ అనే ఆయన నడిపిన వైల్డ్ వెస్ట్ షోలో, కొసాక్కులన్న (రష్యా గుర్రపు యోధుల) పేరుతో ఆడిన జార్జియా దేశపు రౌతులు. తెనాలి పిల్ల ఒకతి వెళ్ళినంత మాత్రాన అక్కడేం మైలపడదు, ఇక్కడా ఏం మైలపడదు.

మీ ఉత్తరంలో మీరు ఒక్కసారే అని వదిలేసిన మాట ఇంకొకటుంది, తాడు. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది అదే.

గుర్రం మీద విన్యాసాలకి వయసు లెక్క ఉంది. మోకాళ్ళు, భుజాలు, నడుము ఎన్నాళ్ళు సహకరిస్తే అన్నాళ్ళు. తాడుకి ఆ గొడవ తక్కువ. విల్ రోజర్స్ పేరు విన్నారా? ఓక్లహోమా ప్రాంతంలో 1879లో పుట్టిన చెరోకీ కుటుంబపు అబ్బాయి. 1902లో దక్షిణాఫ్రికాలో ఒక వైల్డ్ వెస్ట్ షోలో తాడు తిప్పడంతో మొదలుపెట్టాడు. ఒకేసారి మూడు తాళ్ళు విసిరి, ఒకటి గుర్రం మెడకి, ఒకటి రౌతుకి, ఒకటి గుర్రం నాలుగు కాళ్ళకీ వేసేవాడు. తాడు తిప్పుతూ మధ్యలో జోకులు చెప్పడం మొదలెట్టాక న్యూయార్క్ నాటకశాలలు పిలిచాయి, తర్వాత సినిమాలు, పత్రికలో కాలమ్. 1935లో విమానం కూలి పోయేనాటికి అమెరికాలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. మాంటీ మోంటానా అని ఇంకొకాయన 1953లో ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారపు ఊరేగింపులో, ముందే అడిగి, ఏకంగా ప్రెసిడెంటుకే తాడు వేశాడు. ఆయన ముసలితనంలో కూడా ఊరేగింపుల్లో కనిపిస్తూనే ఉన్నాడు. ఫ్లోరెన్స్ లాడ్యూ అనే ఆవిడ 1912లో, కెనడాలో జరిగే కాల్గరీ స్టాంపీడ్ అనే పెద్ద రోడియో మొదటిసారి జరిగినప్పుడు, ఆడవాళ్ళ తాడు పోటీ గెలిచింది. నేల మీద వెల్లకిలా పడుకుని తాడు విసరడం ఆవిడ ప్రత్యేకత.

తాడు విద్యకి కావాల్సింది నూలు తాడు, దాని చివర ఉచ్చు జారడానికి ఒక చిన్న కన్ను, కాస్త ఖాళీ స్థలం. నేలకి సమంగా ఉచ్చు తిప్పడంతో మొదలై, నిలువు ఉచ్చులోంచి అటూ ఇటూ దూకే టెక్సస్ స్కిప్ దాకా వెళ్తుంది. ఆ స్కిప్ ఒక్కటి పట్టుబడాలంటే నెలలు పడుతుంది. దీనికి ట్రైలర్ అక్కర్లేదు. స్కూళ్ళలో, స్టేజీ షోలలో, కంపెనీల పార్టీల్లో, సంతల్లో చేయొచ్చు. గుర్రం కుంటినా, కాలు బెణికినా ఆ నెల పూర్తిగా పోదు. మీ అమ్మాయి ట్రిక్ రైడర్‌గా కంటే ట్రిక్ రైడర్, రోపర్‌గా ఎక్కువ ఏళ్ళు నిలబడగలదు, కమిటీలు కూడా ఒకే మనిషికి రెండు అంశాలు వస్తే సంతోషిస్తాయి. మీకు డబ్బు పెట్టాలని ఉంటే, రెండో జీను కంటే మంచి రోపింగ్ గురువు దగ్గర క్లాసులకి పెట్టండి.

ఇప్పుడు దారులు. జనవరి నుంచి సీజన్‌కి వెళ్ళాలనుకుంటే, చదువు 'మానేయడం' అనే మాట ముందు ఇంట్లోంచి తీసేయండి. యూనివర్సిటీలో సెలవు పెట్టుకునే వీలుంటుందేమో, తిరిగి రావడానికి గడువెంతో, స్కాలర్‌షిప్ ఏమవుతుందో అమ్మాయి స్వయంగా రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని కాగితం తేవాలి. మీరు కాదు, అమ్మాయే. గుర్రాల హెల్త్ సర్టిఫికెట్లు చూసుకోగల పిల్ల తన సెలవు కాగితం తెచ్చుకోగలదు. అది కూడా చేయలేనంటే, పది నెలలు రోడ్డు మీద ఒక వ్యాపారం నడపడానికి ఇంకా సిద్ధంగా లేదని మీరు గట్టిగానే చెప్పొచ్చు. ఈ దారిలో నష్టం లేకపోలేదు. మెడిసిన్‌కి వెళ్ళాలన్న ఊపు ఒకసారి తెగితే మళ్ళీ రావడం కష్టం. రాకపోవచ్చు కూడా. అది మీరిద్దరూ మింగాల్సిన చేదు.

డిగ్రీ అయ్యేదాకా ఆగి, వారాంతాల్లో, వేసవిలో ఆడటం ఇంకో దారి. మీ చుట్టుపక్కలే మెస్కీట్, ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్ లాంటి చోట్ల రోడియోలు జరుగుతుంటాయి, ఎక్కడో వయోమింగ్ వెళ్ళాల్సిన పని లేదు. పైకి ఇదే అందరికీ నచ్చే దారిలా కనిపిస్తుంది. నాకు అంత నమ్మకం లేదు. అటు ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఇటు అలిసిన ఒంటితో శనివారం రాత్రి షో. దెబ్బలు తగిలేది ఇలాంటప్పుడే. పైగా నేర్పడానికి ముందుకొచ్చిన సీనియర్ మనిషి రెండేళ్ళు ఆగుతుందన్న హామీ లేదు. ఈ విద్య పుస్తకంలో దొరకదు, మనిషి నుంచి మనిషికే వస్తుంది.

చదువు దిశ మార్చుకోవడం కూడా ఆలోచించదగ్గదే. టెక్సస్‌లో గుర్రాల పెంపకం, పశువైద్యం వైపు కోర్సులున్న యూనివర్సిటీలు ఉన్నాయి. స్టీఫెన్‌విల్‌లోని టార్ల్‌టన్ లాంటి చోట రోడియో పిల్లలు క్లాసులో వింతగా కనిపించరు. బయాలజీ క్రెడిట్లు చాలావరకు వృథా పోవు. మీ అమ్మాయి దీన్ని అడగలేదు, మీరూ అడగలేదు. అయినా ఒకసారి ఆ మాట వేసి చూడండి, మొహం ఎలా మారుతుందో.

ఇక మీ ఆయన చెప్పిన దారి, అన్నీ కోసేయడం. దానివల్ల అమ్మాయి ఆగదు, ఇన్సూరెన్స్ లేకుండా వెళ్తుంది, అంతే. అక్కడి చట్టం ప్రకారం పిల్లలకి ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండే వీలుంది, చదువుతున్నా మానేసినా. ఆయన తీసేస్తే మీ కంపెనీ ప్లాన్‌లో ఎప్పుడు, ఎలా చేర్చుకోవచ్చో మీ హెచ్ఆర్‌ని ఇవాళే అడగండి. పది నెలలు రాష్ట్రాలు తిరిగే పిల్ల కాబట్టి టెక్సస్ బయట ఎమర్జెన్సీకి మించి ఏం కవర్ అవుతుందో, డబ్బు తీసుకుని చేసే ఇలాంటి ఆటకి మినహాయింపు ఏమైనా ఉందో ప్లాన్ కాగితాల్లో చదవండి. గుర్రాన్ని ఉంచిన చోట గేటు దగ్గర ఒక హెచ్చరిక బోర్డు చూసే ఉంటారు. స్వారీలో సహజంగా ఉండే ప్రమాదాలకి యజమానుల బాధ్యత ఉండదని టెక్సస్ చట్టం చెప్పే బోర్డు అది. ఏదైనా జరిగితే ఎవరి మీదో కేసు వేసి రాబట్టుకుందాం అనుకోవడానికి పెద్దగా వీల్లేదు. బిల్లు మీ ఇంటికే వస్తుంది.

ఆ కాలర్ బోన్‌కి వద్దాం. మెట్ల కథ మీ ఆయనకి మాత్రమే చెప్పారా, ఆస్పత్రిలో కూడా అదే రాయించారా? మీరు రాయలేదు. ఆస్పత్రి కాగితాల్లో కూడా మెట్లే ఉంటే, రేపు అదే భుజానికి మళ్ళీ దెబ్బ తగిలినప్పుడు డాక్టరు దగ్గరున్న చరిత్రే తప్పు. ముందు అది సరిచేయించండి. ఆ భుజంతో బరువు వేలాడే ఫీట్లు ఎప్పటి నుంచి చేయొచ్చో ఎముకల డాక్టరు చెప్పాలి. ఆ డాక్టరుకి అసలు ఏం ఫీట్లో తెలియాలి. జనవరి అంటే ఎంతో దూరం లేదు.

మీరు అమ్మాయి పక్షాన నిలబడ్డానని అనుకుంటున్నారు, నాకలా అనిపించడం లేదు. దెబ్బ తగిలితే దాచాలి అనేది ఆ పిల్ల మీ దగ్గర నేర్చుకుంది. ఈ వృత్తిలో అంతకంటే చెడ్డ అలవాటు లేదు. భుజం నొప్పి దాచి జీనెక్కేవాళ్ళకి పట్టు తప్పేది సరిగ్గా ఆ భుజం దగ్గరే. మీరు పెట్టిన డబ్బు గురించి నాకు అభ్యంతరం లేదు, మీ జీతం మీ ఇష్టం. ఆ డబ్బు దొంగచాటుగా వెళ్ళడం వల్ల అమ్మాయికి అసలు ఖర్చెంతో తెలియడం లేదు, ఆయనకి కూతురు ఎంత దూరం వెళ్ళిందో తెలియడం లేదు. లెక్క తెలిసిన ఒక్క మనిషి మీరు, మీకేమో రాత్రి నిద్ర లేదు.

ఆయనకి చెప్పండి. గుర్రం సంగతీ, జీను సంగతీ మీరు చెప్పండి, అవి మీరు చేసినవి. ఎముక సంగతి అమ్మాయి చెప్పాలి, మీరు పక్కన కూర్చోండి. ఎముకతో మొదలుపెట్టండి. డబ్బుతో మొదలుపెడితే గొడవ డబ్బు మీదే ముగుస్తుంది. అరుస్తారు. కొన్నాళ్ళు మీతో కూడా మాట్లాడరేమో. పాతికేళ్ళ కాపురంలో ఇంకా కష్టమైనవి చూసే ఉంటారు. ఒక్కటి మర్చిపోకండి, ఆ వీడియోలు మొదట తీసింది ఆయనే. ఆయన కోపంలో ఎంత పరువు ఉందో, ఎంత భయం ఉందో నాకు తెలియదు గానీ, పరువు గురించే అయితే అమ్మాయిని ఇన్సూరెన్స్‌లోంచి తీసేస్తానని అనరు, గుళ్ళో ఎవరికీ చెప్పొద్దంటారు. ఇన్సూరెన్స్ మాట ఎత్తారంటే ఆయన మనసులో తిరుగుతున్నది ఆస్పత్రే.

డబ్బు విషయంలో నా సలహా ఒకటే: ఆపేయకండి, బయట పెట్టండి. ఒక మొత్తం అనుకుని, ఇంతే, ఈ సీజన్ చివరిదాకా అని ముగ్గురి ముందూ చెప్పండి. మించితే అమ్మాయి సంపాదనలోంచి. ఆ లెక్క అమ్మాయే రాయాలి. అప్పుడు ఈ పని తనకి అన్నం పెడుతుందో లేదో అక్టోబరుకల్లా మీరెవరూ చెప్పక్కర్లేకుండా తనకే తెలుస్తుంది.

పెళ్ళెవరు చేసుకుంటారని మీ ఆడపడుచు అడిగిందని రాశారు. దానికి జవాబివ్వడం నా వల్ల కాదు, అమ్మాయి ఎప్పుడైనా అడిగితే అప్పుడు చూద్దాం. గుళ్ళో అడిగేవాళ్ళకి "రోడియోలో పనిచేస్తోంది" అని చెప్పండి. టెక్సస్‌లో ఉంటూ అది చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

జనవరి లోపు ఆ సీనియర్ రైడర్‌తో మీరు ఒకసారి మాట్లాడాలి, వీలైతే ఆయన కూడా. అమ్మాయికి ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి. షోకి ఎంత ఇస్తారు, ఆడని వారాల్లో ఏమిస్తారు, అమ్మాయి ఎవరి గుర్రం మీద ఆడుతుంది, రాత్రిళ్ళు ట్రక్కు ఎవరు నడుపుతారు, గుర్రం అదుపు తప్పితే మైదానంలో ఆపడానికి ఎవరుంటారు, దెబ్బ తగిలితే మొదటి ఫోన్ ఎవరికి అని అడగండి. ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి. తర్వాత, పాదాలు ఇరికించే పట్టీలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళకోసారి మారుస్తారు అని అడగండి. మంచి మనిషైతే ఆ ప్రశ్న విని సంతోషిస్తుంది, జీను తెచ్చి చూపిస్తుంది కూడా. నీళ్ళు నమిలిందంటే, ఆ బండిలో ఈ సీజన్‌కి వెళ్ళొద్దని మీ అమ్మాయితో నేను కూడా అంటాను. వేరే గురువుని వెతుక్కోమంటాను.